ఓడినవాడి మీదే కెమెరా

తెలుగు సినిమాలో ఒక తండ్రి పాత్రను ముగించడానికి రచయితకు ఒక్క వాక్యం చాలు: "రేసుల్లో అంతా పోగొట్టాడు." ఇల్లు ఎందుకు తాకట్టుకు వెళ్లిందో, అమ్మ మెడలో పసుపుతాడు ఒక్కటే ఎందుకు మిగిలిందో, హీరో చదువు ఎందుకు మధ్యలో ఆగిపోయిందో ఇక ఎవరూ అడగరు. ఏ రేసు, ఏ గుర్రం, ఎంత కాశాడు, ఎవరు రాసుకున్నారు, పోయిన డబ్బు ఎవరి జేబులోకి చేరింది? వీటిలో ఒక్కటీ కథకు అక్కర్లేదు. రేసు అనగానే ప్రేక్షకుడు అర్థమైందన్నట్టు తలూపుతాడని రచయిత నమ్మకం. నిజంగానే ఊపుతాడు.

నా పేచీ ఆ నమ్మకంతోనే. గుర్రప్పందేలంటే వ్యసనం, వ్యసనమంటే బలహీనుడి తప్పు, కాబట్టి అక్కడ పతనం తప్ప చెప్పుకోదగ్గ కథ లేదు. సినిమావాళ్లు, విమర్శకులు, ఇంట్లో పెద్దవాళ్లు అంతా కలిసి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఇది. హైదరాబాద్‌లో మలక్‌పేట రేసుకోర్సుకు కూతవేటు దూరంలో కాపురాలుంటున్న దిల్‌సుఖ్‌నగర్ వాళ్లూ ఇదే మాట అంటారు. దీన్ని నీతి అని పిలవడానికి నేను ఒప్పుకోను. నీతి వేషం వేసుకున్న బద్ధకం ఇది.

ముందు ఆ స్థలం సంగతి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ మలక్‌పేట. దారిలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన టవల్స్, మూసారాంబాగ్ ట్రాఫిక్, న్యూమార్కెట్ ఆసుపత్రులు. వాటన్నిటి పక్కన అంత పచ్చటి మైదానం ఖాళీగా ఉండటం చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. పాతవాళ్లు చిరాకుపడతారు. "ఊరి నడుమ ఈ జూదం ఏంది, తీసుకపోయి ఔటర్ అవతల పెట్టరాదు" అనే మాట నేను ఈ లైన్లో ఎన్నోసార్లు విన్నాను. అసలు సంగతేమిటంటే హైదరాబాద్‌లో పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహల్‌కు దగ్గరగా ఉండాలని వాటిని మలక్‌పేటకు మార్పించాడు. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ అనే కాలనీ లేదు, ఎల్బీనగర్ చౌరస్తా లేదు. రేసుకోర్సు వచ్చి మన మధ్య కూర్చోలేదు, మనమే వెళ్లి దాని చుట్టూ ఇళ్లు కట్టుకున్నాం.

ఇంత పెద్ద రంగస్థలం చేతికందే దూరంలో ఉంటే తెలుగు సినిమా ఏం చేసింది? 1985లో బాపు దర్శకత్వంలో 'జాకీ' వచ్చింది. శోభన్‌బాబు, సుహాసిని నటించారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగీతం. ఇవాళ ఆ సినిమా పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది జాబిలి మీద జానకి పాడిన పాటే. కారోకేల్లో, టీవీ పాటల పోటీల్లో, అర్ధరాత్రి రేడియోల్లో పాట బతికింది, జాకీ అనే వృత్తి మాత్రం పోస్టరు మీదే ఉండిపోయింది. 2014లో 'రేసుగుర్రం' వచ్చింది. కోణార్క్, వెంకటాద్రి లాంటి హాళ్ల మీదుగా పెరిగిన మా ప్రాంతంలో ఆ పేరు మారుమోగిపోయింది. అందులో పేరుకు గుర్రం ఉంది గానీ మలక్‌పేటతో దానికి పని పడలేదు. గుర్రం వేగం హీరోకి బిరుదుగా పనికొస్తుంది, తండ్రికి శాపంగా పనికొస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న లాయం మాత్రం ఎవరికీ పనికిరాదు.

వ్యసనాన్ని చూపించకూడదన్న పట్టింపే ఇందుకు కారణమైతే సంక్రాంతి సినిమాల సంగతేమిటి? కోడిపందెం చట్టరీత్యా నేరం. కత్తి కట్టిన పుంజు రెక్కలు విప్పితే స్లో మోషన్‌లో చూపిస్తారు, వెనక డప్పులు, చుట్టూ లంగావోణీలు, హీరో చేతిలో నోట్ల కట్ట. దానికి పేరు సంప్రదాయం. గోదావరి జిల్లాల బరుల్లో మూడు రోజుల్లో చేతులు మారే డబ్బు చూసి ఏ రచయితా "అంతా పోగొట్టాడు" అని ఒక తండ్రిని ఉరి తీయడు. మలక్‌పేటలో టికెట్ కొని, పన్ను కట్టి, గేటు లోపల నిలబడి చట్టబద్ధంగా కాసేవాడు పాపాత్ముడు. పల్నాటి యుద్ధానికి కోడిపందెం నిప్పు పెట్టిందని చదువుకున్న జాతి మనది. అయినా కోడిని క్షమించాం, గుర్రాన్ని క్షమించలేదు. ఒకటి మన ఊరిది, రెండోది నవాబులదీ దొరలదీ అన్న లెక్క తప్ప ఇందులో నీతి ఎక్కడుందో నాకు కనిపించలేదు.

పైగా గుర్రం మీద పందెం మనకు కొత్తా? నన్నయ ఆదిపర్వంలోనే ఉంది. కద్రువ, వినత ఉచ్చైశ్శ్రవమనే గుర్రాన్ని చూశారు. తోక నలుపు అంది ఒకామె, ఒళ్లంతా తెలుపే అంది రెండో ఆమె. ఓడినామె దాసి కావాలి. రాత్రికి రాత్రి కద్రువ పాములైన తన కొడుకుల్ని పిలిచి తోకకు వేలాడమంది. ఒప్పుకోనివాళ్లను సర్పయాగంలో కాలిపొమ్మని శపించింది. కర్కోటకుడు వెళ్లి వేలాడాడు. తెల్లారి తోక నల్లగా కనిపించింది, వినత దాసి అయింది. ఇక్కడ గమనించండి. కవి వినతను పట్టుకుని "నీకెందుకమ్మా పందేలు" అని సుద్దులు చెప్పలేదు. తోక ఎలా నల్లబడిందో చూపించాడు. పందేన్ని తారుమారు చేసినవాళ్లనూ, ఆ పనికి ఒప్పుకోక శాపం మోసినవాళ్లనూ కథ మధ్యకు తెచ్చాడు. వెయ్యేళ్ల నాటి ఆ చూపు ఇవాళ్టి స్క్రిప్టు రచయితకు లేదు. అతని కెమెరా వినత ఏడుపు మీదే ఆగిపోతుంది.

గుర్రప్పందేల మీద ప్రపంచంలో వచ్చిన గొప్ప సినిమాల్లో నా ఓటు స్టాన్లీ కుబ్రిక్ 1956లో తీసిన 'ది కిల్లింగ్'కి. గంటన్నర కూడా లేని నలుపు-తెలుపు సినిమా. ఏడో రేసు జరుగుతుండగా రేసుకోర్సు క్యాష్ ఆఫీసు నుంచి 20 లక్షల డాలర్లు కొట్టెయ్యాలని జానీ క్లే పథకం వేస్తాడు. ఇది దొంగతనం కథే కదా, రేసుల కథ ఎలా అవుతుందని అడుగుతారు. ముఠాలో ఎవరున్నారో చూడండి. టికెట్ కిటికీ వెనక కూర్చునే గుమాస్తా జార్జి, ఇంట్లో భార్య అతన్ని పురుగులా చూస్తుంది. రేసుకోర్సు బార్‌లో గ్లాసులు తుడిచే మైక్, ఇంట్లో మంచాన పడిన భార్య. అప్పులవాడికి భయపడే పోలీసు. రోజూ ఇతరుల డబ్బు కట్టలు కట్టలుగా కళ్ల ముందు వెళ్తుంటే జీతం రాళ్ల కోసం నిలబడేవాళ్లు వీళ్లు. డబ్బు పెట్టిన మార్విన్ అయితే జూదమంటే జీవితమంతా అసహ్యం ఉన్నవాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం ఐదో రేసులో ఉన్న ప్రతి గుర్రం మీదా ఐదేసి డాలర్ల చొప్పున కాస్తాడు, ఎందుకంటే గెలిచిన టికెట్ ఒకటి చేతిలో ఉండటం పథకానికి అవసరం. జూదం గురించి ఇంతకన్నా చల్లటి వెటకారం నేను తెర మీద చూడలేదు.

ఆ సినిమాలో ఇంకో ఘట్టం. రెడ్ లైట్నింగ్ అనే ఫేవరెట్ గుర్రాన్ని పరుగు మధ్యలో కాల్చడానికి నిక్కీ అనే తుపాకీగాడు కారు పార్కింగ్‌లో మాటు వేస్తాడు. అక్కడి అటెండెంట్ నల్లజాతివాడు, కుంటుతూ నడుస్తాడు. తన కాళ్లు కూడా పనిచెయ్యవని నిక్కీ అబద్ధమాడి జాలి సంపాదిస్తాడు. ఆ మంచివాడు నమ్మి రేసు పుస్తకం తెచ్చిస్తాడు, అదృష్టం కలిసొస్తుందని గుర్రపు నాడా తెచ్చిస్తాడు. పని వేళ దగ్గరపడేసరికి అతన్ని వదిలించుకోవడానికి నిక్కీ నోటికొచ్చిన జాతి తిట్టు తిడతాడు. అతను నాడాను అక్కడే పారేసి వెళ్లిపోతాడు. గుర్రాన్ని కాల్చి కారు వెనక్కి తిప్పితే ఆ నాడా మీదే టైరు పేలుతుంది, కాపలావాడి గుండుకు నిక్కీ అక్కడే చస్తాడు. రెండు నిమిషాల ఈ ముక్కలో రేసుకోర్సు గేటు బయటి సమాజం మొత్తం ఉంది. చివర్లో విమానాశ్రయంలో సూట్‌కేసు జారి తెరుచుకుని డబ్బంతా గాలికెగిరిపోవడం అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ నాడాయే గొప్ప.

కుబ్రిక్ తన సినిమాలో ఎవరి తండ్రినీ పతనం చెయ్యలేదు. రేసుకోర్సును ఒక ఫ్యాక్టరీలా చూశాడు. డబ్బు ఎటు నుంచి వస్తుంది, ఎన్ని చేతులు మారుతుంది, ఏ తలుపు వెనక పోగవుతుంది, ఆ తలుపు దగ్గర నిలబడేవాడి జీతమెంత అని అడిగాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు, చేతిలో పెద్ద బడ్జెటూ లేదు. కాబట్టి వనరుల కొరత మాట మనవాళ్లు ఎత్తకపోవడమే మంచిది.

ఇక మొదటి అభ్యంతరం. "ఇలాంటివి చూపిస్తే వ్యసనం పెరుగుతుంది." ఈ మాట అనే హక్కు సినిమా పరిశ్రమకు ఎప్పుడో పోయింది. 2025లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా తారల మీదే తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. నేరం తేలాల్సింది కోర్టులో, ప్రకటనలు మాత్రం అందరం చూశాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుతూ ఫీజు డబ్బు ఫోన్లో పోగొట్టుకున్న కుర్రాడు మలక్‌పేట గేటు ఎప్పుడూ తొక్కి ఉండడు. అతన్ని చెడగొట్టింది గుర్రం మీద తీసిన సినిమా కాదు.

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. "అది పూర్తిగా అదృష్టం ఆట, అందులో నాటకీయత ఎక్కడుంటుంది?" దీనికి సుప్రీంకోర్టు 1996లోనే జవాబు చెప్పింది. మద్రాస్ రేస్ క్లబ్బు వ్యవహారం మీద నడిచిన డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అంది. అంతకు ముందు రమ్మీ నైపుణ్యపు ఆట అని అదే కోర్టు చెప్పిన కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు నుంచే వెళ్లింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ. (2017లో తెలంగాణ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. కోర్టుకు నైపుణ్యం కనిపించిన చోట ప్రభుత్వానికి అప్పులపాలైన ఇళ్లు కనిపించాయి. ఇద్దరూ చూసింది నిజమే.)

గుర్రప్పందెంలో ఆ నైపుణ్యం చూడటానికి తీర్పు చదవాల్సిన పని లేదు, పందెం రోజున మూసారాంబాగ్‌లో ఏ ఇరానీ హోటల్లోనో కూర్చుంటే చాలు. రేసు బుక్ మడతపెట్టి జేబులో కుక్కుకున్న ఇద్దరి మాటలు ఒకసారి చెవినబడ్డాయి.

"అన్నా, నాలుగో రేసుల ఆరు నంబర్ పక్కా అంటున్నరే."

"పోయిన ఐతారం గూడ పక్కా అనే చెప్పిండు గద. గా పక్కా గుర్రం ఇంకా వస్తనే ఉంది."

"అప్పుడు పద్నాలుగు వందల మీటర్లే. ఇయ్యాల పన్నెండు వందలు. గది పొట్టి దూరం గుర్రం."

"మరి మూడు కిలోల బరువు ఎక్కించిండ్రు, గది సూసినవా? జాకీని గూడ మార్చిండ్రు."

సాసర్‌లో పోసుకున్న చాయ్ చల్లారిపోతున్నా ఇద్దరూ దూరం, బరువు, జాకీ, వానకు మెత్తబడ్డ ట్రాక్ గురించి వాదించుకున్నారు. గుర్రం తల్లి ఏ వంశానిదో కూడా పెద్దాయనకు తెలుసు. మా వాళ్లలో పెళ్లి సంబంధానికి ఇంత విచారణ జరగదు. ఇలాంటి మనుషుల్ని "బలహీనులు" అని ఒక్క ముక్కలో తోసెయ్యడం తెలియనితనం.

అలాగని కోర్టు మాట పట్టుకుని ఇదంతా తెలివి వ్యవహారమే అనే రేసు ప్రియుల వాదనకూ నేను తల ఒగ్గను. తెలివి ఉంది, నిజమే. దాని కింద టోట్ లెక్క, అంటే కాసిన డబ్బంతా ఒకచోట పోగేసి పంచే లెక్క కూడా ఉంది. ఒక రేసుకు జనమంతా కలిపి లక్ష రూపాయలు కాశారనుకోండి. అందులోంచి ముందు పన్ను, క్లబ్బు కోత పోతాయి. మిగిలిందే గెలిచిన టికెట్లకు పంచుతారు. ఒకడు గెలవొచ్చు, తెలివైనవాడు ఎక్కువసార్లు గెలవొచ్చు. కాసినవాళ్లందరినీ కలిపి చూస్తే ప్రతి రేసులోనూ ఓడతారు, ఏ గుర్రం ముందొచ్చినా సరే. 2023 అక్టోబరు 1 నుంచి పందెం మొత్తం విలువ మీద 28 శాతం జీఎస్టీ పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. ఏ పందెమూ కాయకుండా, ఏ రేసులోనూ ఓడకుండా వాటా తీసుకునే భాగస్వామి సర్కారు. ఇక పన్ను పెరిగేకొద్దీ గేటు బయట ఫోన్లో రాసుకునే దొంగ బుకీకి గిరాకీ పెరుగుతుంది. వాడు పన్ను కట్టడు కాబట్టి ఎక్కువ రేటు ఇవ్వగలడు. వాడి దగ్గర గెలిచినవాడికి డబ్బు రాకపోతే ఫిర్యాదు చెయ్యడానికి కౌంటరు ఉండదు. "రేసుల్లో అంతా పోగొట్టాడు" అనే వాక్యం ఈ లెక్క మొత్తాన్ని ఒక మనిషి స్వభావంగా మార్చేస్తుంది. అసలు మోసం అక్కడుంది.

మూడో మాట, "అది డబ్బున్నవాళ్ల లోకం, మనకెందుకు?" టోపీలు, సూట్లు, డెర్బీ రోజు ఫొటోలు చూసి అనే మాట ఇది. గెలిచిన గుర్రాన్ని లోపలికి తెచ్చే ఫొటోను ఇంకోసారి చూడండి. కళ్లెం ఒక పక్క యజమాని పట్టుకుని నవ్వుతుంటాడు. రెండో పక్క ఒక సైసు ఉంటాడు. సగం ఫొటోల్లో అతని మొహం గుర్రం మెడ వెనక ఉండిపోతుంది. తెల్లవారకముందే లేచి దాణా పెట్టేది అతనే, మాలిష్ చేసేది అతనే, కాలు వాచిందని ముందు కనిపెట్టేదీ అతనే. గుర్రం చెవులు వెనక్కి వాలిస్తే దాని మనసు ఎలా ఉందో ట్రైనర్ కన్నా అతనికి ముందు తెలుస్తుంది. పైన కూర్చునే జాకీ యాభై కిలోలకు అటూ ఇటూ ఉండాలి. అందుకోసం అన్నం మానాలి, ఆవిరిలో కూర్చుని నీరు చెమటగా పోగొట్టుకోవాలి. ఆ తర్వాత నాలుగైదు వందల కిలోల జంతువు మీద గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో, పక్క గుర్రానికి జానెడు దూరంలో దూసుకెళ్లాలి. రేసు వెనకాలే ఒక అంబులెన్సు పరిగెడుతుంటుంది. ప్రతి రేసుకూ. ఏ ఉద్యోగంలో అంబులెన్సు రోజూ వెనక వస్తుంది? మన దేశంలో తొలి మహిళా జాకీగా పేరు తెచ్చుకున్న రూపా సింగ్ చెన్నైలో రైడ్ చేసింది. క్రికెటర్లు, కుస్తీ యోధులు, బాక్సర్ల మీద జీవిత కథా చిత్రాలు తీస్తున్న దేశం ఇంకా ఆమె గడప తొక్కలేదు. పేదవాడి కథ కావాలని వెతికేవాళ్లు రేసుకోర్సు వెనక గేటు నుంచి వెళ్లాలి, ముందు గేటు నుంచి కాదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటారా? ఈ లోకం కరిగిపోతోంది. మకావులో పందేలు 2024 మార్చితో ముగిశాయి. సింగపూర్ 2024 అక్టోబరు 5న ఆఖరి రేసు నడిపి మైదానాన్ని సర్కారుకు అప్పగించే పనిలో పడింది. చెన్నై గిండీలో లీజు రద్దు చేసి 2024లో రేస్ క్లబ్బుకు తాళం వేశారు. మలక్‌పేట మీద రేపు ఎవరి కన్ను పడుతుందో చెప్పలేం. మైదానం ఉండాలా, పోవాలా అనేది వేరే తగాదా, పార్కు వస్తే నేనూ నడకకు వెళ్తాను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను కొత్తపేట నుంచి బాటసింగారం తరలించినప్పుడు ట్రాఫిక్ తగ్గిందని సంతోషించాం. అక్కడ బుట్టలు మోసిన హమాలీల బతుకు ఏ తెరకూ ఎక్కలేదు. లాయాలకు కూడా అదే జరుగుతుంది. పోయాక మిగిలేది, నిర్మాతల ఫైళ్లలో నీరసంగా పడి ఉన్న ఆ ఒక్క వాక్యమే.

తెలుగు స్క్రిప్టు రాసేవాళ్లకు నా విన్నపం చిన్నది. ఈసారి మీ కథలో తండ్రి రేసుల్లో పోగొట్టుకోవాల్సి వస్తే పోగొట్టుకోనివ్వండి. కానీ ఆ డబ్బు ఏ కిటికీలోకి వెళ్లిందో ఒక సీను రాయండి. పన్ను ఎంత, క్లబ్బుకెంత, బయటి బుకీకెంత అని ఒక సీను రాయండి. ఆ రోజు ఓడిన గుర్రాన్ని లాయానికి నడిపించుకెళ్లిన సైసు రాత్రి ఏం తిన్నాడో ఇంకో సీను రాయండి. ఈ మూడూ రాయడం చేతకాకపోతే ఆ తండ్రిని ఇంకేదైనా రోగంతో చంపండి. రేసుల పేరు మాత్రం ఎత్తకండి.